పద్నాలుగు నెలలు నిలిపి ఉంచాల్సిన స్పోర్ట్స్ కారు: వారానికోసారి స్టార్ట్ చేయిస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం పని మీద పద్నాలుగు నెలలు దూరంగా ఉంటారు. రెండు సీట్ల టర్బో పెట్రోలు స్పోర్ట్స్ కారు, మాన్యువల్ గేర్లు. షట్టరున్న గ్యారేజీ ఉంది, అందులో కరెంటు ఉంది. కవరు కప్పేసి, వారానికోసారి నాన్నగారి చేత పది నిమిషాలు స్టార్ట్ చేయిస్తే చాలా, ఇంకేమైనా చేయాలా అని.

సూటిగా చెప్పేస్తాను. వారానికోసారి స్టార్ట్ చేయించకండి. మీ ప్లాన్‌లో కారుకు ఎక్కువ చేటు చేసేది అదే. ఆయిల్ మార్చి, ట్యాంకు నింపి స్టెబిలైజర్ (పెట్రోలు పాడవకుండా కాపాడే మందు) కలిపి, బ్యాటరీకి చార్జ్ దిగిపోకుండా చూసే మెయింటెయినర్ తగిలించి, టైర్లలో గాలి పెంచి, హ్యాండ్‌బ్రేక్ తీసేసి, ఎలుకలు దూరే దారులు మూసి, గాలి ఆడే కవరు కప్పి వదిలేయండి. పద్నాలుగు నెలలు నిశ్చింతగా ఉంటుంది. నాన్నగారికి చేయడానికి కొంచెం పని ఉంది, అది తర్వాత చెబుతాను. అందులో తాళం తిప్పడం మాత్రం లేదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి కార్ల మీదే పని చేస్తున్నాను. యజమానులు నెలల తరబడి లేనప్పుడు వాళ్ల కార్లను మా షెడ్డులో పెట్టి చూసుకోవడం కూడా అందులో భాగమే. నిలిపి ఉంచి పాడైపోయాయని నా దగ్గరకు తెచ్చిన కార్లలో, ఎవరూ పట్టించుకోక పాడైనవి నేను అనుకున్నంత ఎక్కువేమీ లేవు. వారం వారం ముద్దు చేసి పాడు చేసినవే ఎక్కువ.

పది నిమిషాల స్టార్టింగ్ ఎందుకు చెడ్డది?

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. వినగానే ఎవరూ నమ్మరు కానీ లెక్క అంతే. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఇంజన్ బాగా వేడిగా ఉంటే అదంతా ఆవిరై సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. పది నిమిషాలు ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ మాత్రం తిరిగేలా పెడితే అంత వేడి రాదు. ఆ ఆవిరి సైలెన్సర్ లోపల, ఇంజన్ పైకప్పు లోపల చల్లటి ఇనుముకు తగిలి నీళ్లుగా మారి అక్కడే ఉండిపోతుంది. మీటరులో టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చింది కదా అని చాలామంది తృప్తి పడతారు. అది కూలెంట్ వేడి. ఆయిల్ వేడెక్కడానికి అంతకన్నా చాలా సేపు పడుతుంది, ఐడిల్‌లో అయితే మరీను.

చల్లటి ఇంజన్‌కు కంప్యూటర్ పెట్రోలు కాస్త ఎక్కువ ఇస్తుంది. మండని పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లలో ఇది ఇంకా ఎక్కువ. నీళ్లు, పెట్రోలు, మండగా మిగిలిన ఆమ్లాలు కలిసిన ఆయిల్‌లో మీ బేరింగులు, టర్బో షాఫ్టు వారమంతా నానుతూ కూర్చుంటాయి. వచ్చే వారం ఇంకో పది నిమిషాలు, ఇంకో గ్లాసెడు నీళ్లు.

రెండేళ్ల కిందట ఒకాయన సరిగ్గా మీలాగే చేసి కారు తెచ్చారు. ఆదివారం తప్పకుండా స్టార్ట్ చేయించాను, ఒక్కసారి కూడా మానలేదు అని గర్వంగా చెప్పారు. నేను ఆయిల్ పోసే మూత విప్పి తిప్పి చూపించాను. మూత లోపల లేత పసుపు రంగులో మీగడలాంటి జిడ్డు, వేలితో తీస్తే వేలికి అంటుకుని సాగుతోంది. నీళ్లూ ఆయిలూ చిలికితే వచ్చేది అది. డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోలు వాసన. సైలెన్సర్ కింది అంచు దగ్గర గట్టిగా నొక్కితే లోపలి తుప్పు గలగలమని రాలింది. మీటరు మీద మాత్రం కారు పట్టుమని పది కిలోమీటర్లు కూడా తిరగలేదు.

బ్యాటరీ చార్జ్ అవుతుంది కదా అంటారు. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన కరెంటు, ఫ్యాన్లు, పంపులు, కంప్యూటర్లు తినే కరెంటు తీసేస్తే పది నిమిషాల ఐడిల్‌లో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

కాబట్టి నా మాట ఒకటే. నడిపితే సరిగ్గా నడపాలి, అంటే రోడ్డు మీద కనీసం నలభై నిమిషాలు, ఆయిల్ బాగా కాగేలా. లేదంటే అసలు ముట్టుకోకూడదు. నాన్నగారు నెలకోసారి అలా బయటికి తీసుకెళ్లి తిప్పగలిగితే అంతకన్నా మంచిది లేదు, నిలిపి ఉంచే గొడవే ఉండదు. కానీ ఐదు వందల హార్స్‌పవర్ మాన్యువల్ కారును పెద్దవాళ్లకు ఇచ్చి టెన్షన్ పడటం ఎందుకు? దాన్ని హాయిగా నిద్రపోనివ్వండి.

బయల్దేరే ముందు వారం

మొదట ఆయిల్, ఫిల్టరు. "వచ్చాక ఎలాగూ మారుస్తాను, ఇప్పుడెందుకు దండగ" అనుకోకండి. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు ఉంటాయి. ఇంజన్ ఆగి ఉన్న కాలమంతా లోపలి లోహాన్ని అంటిపెట్టుకుని ఉండేది ఆ ఆయిలే. కొత్త ఆయిల్ పోసి, ఒకసారి బాగా తిప్పి తెచ్చి, అప్పుడు నిలపండి.

ఆ చివరి రౌండులోనే పెట్రోలు సంగతి కూడా తేలిపోవాలి. స్టెబిలైజర్‌ను డబ్బా మీద చెప్పిన కొలతలో ముందు ట్యాంకులో పోసి, తర్వాత పెట్రోలు నింపండి, దానంతటదే కలుస్తుంది. చాలా స్టెబిలైజర్లు ఒకటి నుంచి రెండేళ్లు పనిచేస్తాయని డబ్బా మీదే రాసి ఉంటుంది, మీ కాలానికి సరిపోయేది చూసుకోండి. తర్వాత ఇరవై నిమిషాలైనా నడపాలి. మందు ట్యాంకులో ఉంటే చాలదు, పంపు, పైపులు, ఇంజెక్టర్ల దాకా చేరాలి. చాలామంది గ్యారేజీలో పెట్టాక గుర్తొచ్చి పోస్తారు. అలా పోస్తే పోయనట్టే లెక్క.

ట్యాంకు నిండుగా ఎందుకంటే, ఖాళీ ఉన్నచోట గాలి, గాలిలో తేమ. ఇథనాల్ కలిపిన పెట్రోలు ఆ తేమను పీల్చుకుంటుంది. పీల్చుకోగలిగిన హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కి చేరతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. కొత్త కార్ల ట్యాంకులు మూసి ఉంటాయి కాబట్టి ఇది నెమ్మదిగా జరుగుతుంది, భయపడిపోనక్కర్లేదు. ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే మాత్రం ఆఖరి ట్యాంకు అదే పోయించండి. ఒక్క జాగ్రత్త: బంకులో గన్ టక్కుమని ఆగగానే ఆపేయండి. ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అని మూతి దాకా పోస్తే పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు క్యానిస్టర్ తడిసి పాడవుతుంది.

కూలెంట్ ఎప్పుడు మార్చారో చూసుకోండి. అందులోని తుప్పు పట్టనివ్వని మందులకు కాలపరిమితి ఉంటుంది. కారుతో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో చెప్పిన గడువు మీరు లేని కాలంలో పడితే ముందే మార్చేయండి. కేవలం నీళ్లు పోసి నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి అలా నిలపకండి.

బ్యాటరీ

తాళం వేసి వదిలేసిన కారు కూడా కరెంటు తింటూనే ఉంటుంది. అలారం, రిమోట్ తాళం కోసం ఎదురుచూసే రిసీవరు, లోపలి కంప్యూటర్లు అన్నీ కలిపి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు మామూలే. 50 అనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నెల తిరిగేసరికి సగానికి వస్తుంది. రెండో నెలలో చచ్చిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకసారి పూర్తిగా డౌన్ అయి నెలల తరబడి అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. తర్వాత ఎంత చార్జ్ చేసినా పాత బలం రాదు.

మెయింటెయినర్ కొనండి. మామూలు చార్జర్ కాదు. మామూలు చార్జర్ ఆగకుండా తోస్తూనే ఉంటుంది. మెయింటెయినర్ నిండాక తగ్గించుకుని, 13 వోల్టులకు కాస్త పైన పట్టి ఉంచుతుంది. నెలలు అలాగే వదిలేయొచ్చు. క్లిప్పులు కాకుండా బోల్టుకు బిగించే రింగు వైరు వాడండి. క్లిప్పు ఊడితే ఎవరికీ తెలియదు.

బ్యాటరీ రకం తప్పకుండా చూడాలి. మామూలు లెడ్ యాసిడ్, ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచు మ్యాటులో పీల్చి ఉంచే లెడ్ యాసిడ్ రకం), లిథియం ఐరన్ ఫాస్ఫేట్, మూడింటికీ చార్జింగ్ పద్ధతి వేరు. బరువు తగ్గించడానికి కొన్ని స్పోర్ట్స్ కార్లలో లిథియం పెడతారు. కొన్ని చార్జర్లలో సల్ఫేటు వదిలించే మోడ్ ఉంటుంది, అది 15 వోల్టుల పైకి పోతుంది. లిథియం బ్యాటరీ మీద ఆ మోడ్ వాడితే బ్యాటరీ పోయినట్టే.

కరెంటు లేని గ్యారేజీ అయితే నిండా చార్జ్ చేసి నెగటివ్ వైరు విప్పి పెట్టుకోవాలి. అయినా బ్యాటరీ దానంతటదే కొంచెం కొంచెం దిగుతుంది. మూడు నెలలకోసారైనా బయటికి తీసి చార్జ్ చేయాలి.

ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. ఈ పనిలో దిగిన కొత్తల్లో, ఇంజన్ వెనక, డిక్కీ ముందు ఉండే కారు ఒకటి నిలపడానికి వచ్చింది. బ్యాటరీ ముందు డిక్కీలో. నెగటివ్ విప్పాను, అలవాటు కొద్దీ డిక్కీ మూత టక్కున మూసేశాను. ఆ మూత తాళం కరెంటుతో తెరుచుకునేది. కరెంటు ఇవ్వాల్సిన బ్యాటరీ లోపల, నేను బయట. రెండు గంటలు దాని చుట్టూ ప్రదక్షిణలు చేశాక, ఫ్యూజు బాక్సు దగ్గర బయటి నుంచి కరెంటు ఇచ్చే టెర్మినల్ ఉందని మాన్యువల్‌లో దొరికింది. పోర్షా 911 లాంటి కార్లలో బ్యాటరీ ఉండేది ముందు డిక్కీలోనే, ఆ తరహా కార్లున్నవాళ్లు మాన్యువల్‌లో ఆ పేజీ ముందే చూసి పెట్టుకోండి. మీ కారు కూడా అలాంటిదే అయితే, మెయింటెయినర్ వైరు బయటికి వచ్చేలా పెట్టి, మూత పూర్తిగా నొక్కకుండా వదలండి, లేదా లాచ్ మీద పాత గుడ్డ చుట్టి ఉంచండి. లోపల దీపం వెలుగుతూ ఉండిపోతుందేమో కూడా చూసుకోండి.

ఫ్రేము లేని అద్దాల తలుపులకూ ఇదే గొడవ. తలుపు తీయగానే అద్దం కొద్దిగా కిందికి దిగాలి. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే దిగదు. అప్పుడు బలవంతంగా లాగితే అద్దమో రబ్బరో పోతుంది.

టైర్లు, జాకీ స్టాండ్లు

కారును స్టాండ్ల మీద ఎక్కించి చక్రాలు గాల్లో వేలాడదీయమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు కారు నేల మీద మామూలుగా నిలబడ్డ ఎత్తుకు బిగించి ఉంటాయి. చక్రాలు వేలాడితే ఆ రబ్బరు నెలల తరబడి మెలిపడి ఉంటుంది. షాక్ అబ్జార్బర్ కడ్డీ పూర్తిగా బయటికి సాగి, మెరిసే భాగం గాలికి తేలుతుంది. దాని మీద చిన్న తుప్పు చుక్క పడినా చాలు, తర్వాత లోపలికి వెళ్లేటప్పుడు సీలును గీరుతుంది, ఆయిల్ కారుతుంది. తప్పనిసరిగా లేపాలంటే బరువు సస్పెన్షన్ ఆర్ముల మీద పడేలా స్టాండ్లు పెట్టాలి, బాడీ కింద కాదు.

మీకు దాని అవసరం లేదు. మామూలుగా ఉంచే గాలి కన్నా 8 నుంచి 10 పీఎస్ఐ ఎక్కువ పట్టించండి, టైరు పక్కన రాసిన గరిష్ఠ పరిమితి దాటకుండా. నెలకు ఒక పీఎస్ఐ దాకా తగ్గడం మామూలే కాబట్టి మీరు వచ్చేసరికి ఆ ఎక్కువంతా ఎలాగూ పోతుంది. టైర్ల కింద వంపు తిరిగిన క్రేడిల్స్ పెడితే ఇంకా మంచిది, లేకపోతే కొంప మునిగేదేం లేదు. అయినా ఒక చోట కాస్త చదునై, మొదటి రోజు స్టీరింగ్ దడదడలాడుతుంది. ఇరవై ముప్ఫై కిలోమీటర్లు నడిపి టైరు వేడెక్కితే చాలా వరకు పోతుంది. అప్పటికీ పోకపోతే టైరు మార్చాల్సిందే.

టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మీ టైర్లకు ఇప్పటికే ఐదారేళ్లుంటే వాటి కోసం ఇంత కష్టపడకండి. వచ్చాక మార్చేయండి. అరుగుదల కనపడకపోయినా ఆ వయసు రబ్బరుతో ఇలాంటి కారును వేగంగా నడపడం నాకు ఇష్టముండదు. మంచు పడే చోటైతే ఇంకో సంగతి. ట్రాక్ కోసం చేసిన మెత్తటి టైర్లు గడ్డకట్టే చలిలో బిరుసెక్కుతాయి, ఆ స్థితిలో కారును జరిపితే పగుళ్లు రావచ్చు. వాటిని తాకకండి.

బ్రేకులు, క్లచ్

హ్యాండ్‌బ్రేక్ వేసి వదలొద్దు. ప్యాడు డిస్కును పట్టుకుని ఉంటే రెంటి మధ్యా తేమ చేరి తుప్పుతో అతుక్కుంటాయి. నేను విప్పిన ఒక కారులో డిస్కు మీద ప్యాడు ఆకారం అచ్చు గుద్దినట్టు పడి ఉంది. కదిపినప్పుడు ఠప్పుమని ఊడింది కానీ, ప్యాడు పైపొర సగం డిస్కుకే మిగిలిపోయింది. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి, మొదటి గేరులో ఉంచండి, చాలు. మీది ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ అయితే ఇంజన్ ఆపగానే దానంతటదే పడిపోయే కార్లున్నాయి. పడకుండా చేసే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. అది చేశాక, బండి నిజంగా కదులుతోందో లేదో చేత్తో తోసి చూడండి.

కారు కడిగిన వెంటనే లోపల పెట్టేయడం ఇంకో పొరపాటు. కడిగాక ఇరవై నిమిషాలు నడిపి, బ్రేకులు నాలుగుసార్లు గట్టిగా వేసి, డిస్కులు ఆరాక పెట్టండి.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకునే రకం. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీళ్లు చేరిన తర్వాత ఆ హద్దు 155కి పడిపోతుంది. మీరు మార్చి రెండేళ్లు దాటి ఉంటే ఇప్పుడే మార్చండి, ఎందుకంటే ఆ నీళ్లు కాలిపర్ల (ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగాల) లోపల తుప్పు పట్టిస్తాయి. ఏడాది లోపైతే తిరిగొచ్చాక మార్చుకోవచ్చు.

క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు పట్టేస్తుందని కొందరు పెడల్ నొక్కి మధ్యలో కర్ర పెడతారు. ఏడాదిపైన అలా నొక్కి ఉంచితే హైడ్రాలిక్ సీళ్ల మీద, స్ప్రింగుల మీద భారం. నాకు నచ్చదు. దానికి బదులు నెలకోసారి ఇంజన్ ఆపి ఉండగానే పెడల్ పది సార్లు మెల్లగా తొక్కి వదిలితే చాలు.

ఎలుకలు

దీని మీద నవ్వుకునేవాళ్లు ఒక్కసారి వైరింగ్ మార్పించుకుంటే నవ్వరు. చూపుడువేలు దూరే సందు చాలు, చిట్టెలుక లోపలికి వచ్చేస్తుంది. వాటికి ఇష్టమైన చోట్లు మూడు: ఎయిర్ ఫిల్టర్ పెట్టె, ఏసీ క్యాబిన్ ఫిల్టర్, సైలెన్సర్. ఒక కారులో ఏసీ వేస్తే ఘాటైన వాసన వస్తోందని తెచ్చారు. క్యాబిన్ ఫిల్టర్ లాగితే దాని వెనక గుండ్రటి గూడు. బానెట్ కింది దూదిని పీకి, సీటు నురుగును కొరికి, చుట్టూ వైరు తొడుగు ముక్కలు పేర్చి కట్టుకుంది. తొడుగు పోయిన ఆ వైర్లు ఏవో వెతకడానికి నాకు మూడు రోజులు పట్టింది.

గాలి లోపలికి వెళ్లే చోట, సైలెన్సర్ గొట్టాల్లో స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ కుక్కండి. మామూలు స్టీల్ ఊలు తుప్పు పట్టి రాలుతుంది. కుక్కిన చోట్లన్నీ ఒక కాగితం మీద రాసి స్టీరింగ్‌కు కట్టండి. పద్నాలుగు నెలల తర్వాత మీకు గుర్తుండదు. సైలెన్సర్‌లో జాలీ మరిచిపోయి స్టార్ట్ చేసినవాళ్లను చూశాను. కారు చుట్టూ బోనులు పెట్టించండి. గ్యారేజీలో గింజల మూటలు, కుక్క తిండి లాంటివి ఉంటే తీసేయండి. కారు లోపల బిస్కెట్టు పొట్లం కూడా మిగలకూడదు. ఘాటు వాసన నూనెలు, ఉండలు కొన్నాళ్లు పనిచేస్తాయేమో కానీ వాటినే నమ్ముకుని ఉండొద్దు. విషం పెట్టొద్దు, అది తిన్న ఎలుక మీ కారులోనే ఎక్కడో చచ్చిపడి ఉంటుంది.

గ్యారేజీ, కవరు

నేలలో చెమ్మ ఉందో లేదో ఇప్పుడే పరీక్షించండి. రెండడుగుల ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి ఒక రోజు వదిలేయండి. లేపి చూస్తే కింద నీటి చుక్కలుంటే నేల ఊటేస్తోందని అర్థం. అప్పుడు కారు నిలిపే మేరంతా మందమైన పాలిథిన్ పరిచి, దాని మీద రబ్బరు మ్యాట్లు వేయాలి. గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉంటే ఇనుముకూ లెదరుకూ ఇద్దరికీ హాయి. 65 దాటితే బూజు, తుప్పు మొదలు. తేమ చూపే చిన్న మీటరు గోడకు తగిలించి చూడండి, ఎక్కువుంటే డీహ్యూమిడిఫయర్ పెట్టండి.

గ్యారేజీలో ఇంకేముందో కూడా చూడండి. ఒకరింట్లో కారు పెట్టి రెండు నెలలు కాలేదు, బోల్టులు, డిస్కులు, గోడకున్న రెంచీలతో సహా అన్నీ ఎర్రబడ్డాయి. నేల పొడిగానే ఉంది, తేమా తక్కువే. వెతగ్గా వెతగ్గా మూలలో నేల కడిగే యాసిడ్ సీసా, మూత సరిగా బిగించకుండా. ఆ ఆవిరి చాలు. యాసిడ్, బ్లీచింగ్, ఎరువుల బస్తాలు ఏవున్నా వేరే చోటికి మార్చండి.

కవరు మెత్తటి గుడ్డది, గాలి ఆడేది తీసుకోండి. ప్లాస్టిక్ కవరు చెమ్మను లోపలే బంధిస్తుంది. దుమ్ము ఉన్న కారు మీద ఎంత మంచి కవరు కప్పినా అది ఉప్పుకాగితమే. పూర్తిగా కడిగి, ఆరబెట్టి, మైనం పట్టించి, అప్పుడు కప్పండి. సిరామిక్ కోటింగ్ వేయించాలా అని కూడా అడిగారు. కవరు కింద నిద్రపోయే కారుకు దాని అవసరం ఏమీ లేదు, ఆ డబ్బు మెయింటెయినర్ మీద పెట్టండి.

లోపల వాక్యూమ్ కొట్టి, లెదరు తుడిచి, సిలికా జెల్ సంచులు రెండు పెట్టండి. తలుపుల రబ్బర్లకు సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే అతుక్కోవు. పైకప్పు గుడ్డదైతే మూసే ఉంచండి, మడిచి ఉంచితే మడత పడినచోట పగులుతుంది. ఇన్సూరెన్సు రద్దు చేయకండి. ఆగి ఉన్న కారుకూ దొంగతనం, అగ్ని ప్రమాదం భయం ఉంటాయి. కొన్ని కంపెనీల దగ్గర నిలిపి ఉంచిన కారుకు వేరే పాలసీ ఉంటుంది, అడిగి చూడండి.

నాన్నగారికి ఇచ్చే పని

పదిహేను రోజులకోసారి టార్చి పట్టుకుని గ్యారేజీలోకి వెళ్లాలి. మెయింటెయినర్ మీద ఆకుపచ్చ లైటు ఉందా? కరెంటు పోయి వచ్చాక కొన్ని మెయింటెయినర్లు దానంతటవే మొదలవ్వవు, బటన్ నొక్కాలి. కారు కింద తడి చుక్కలున్నాయా? బోనులో ఏమైనా పడిందా? నేల మీద ఎలుక రెట్టలున్నాయా? ఒక ఫొటో తీసి మీకు పంపాలి. నెలకోసారి క్లచ్, బ్రేకు పెడళ్లు పది సార్లు తొక్కాలి. కారు కొంచెమైనా జరపగలిగితే రెండు నెలలకోసారి దిమ్మలు తీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒక అడుగు ముందుకు తోయించండి, స్టార్ట్ చేయకుండా, ఇద్దరు మనుషులతో. తర్వాత గేరు, దిమ్మలు మళ్లీ పెట్టేయాలి.

మీరు తిరిగొచ్చాక

తాళం చేతికి రాగానే స్టార్ట్ బటన్ మీదికి వేలు పోనివ్వకండి. స్టీరింగ్‌కు కట్టిన కాగితం చదివి జాలీలన్నీ తీయండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె, క్యాబిన్ ఫిల్టర్ తెరిచి చూడండి. ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టం, కారు కింద మరకలు, టైర్లలో గాలి. బ్రేక్ పెడల్ గట్టిగా ఉందా లేక మెత్తగా దిగిపోతోందా?

తర్వాత ఇంజన్‌కు ఆయిల్ చేరనివ్వాలి. ఆ పద్నాలుగు నెలల్లో పైనున్న ఆయిల్ అంతా కిందికి జారిపోయి ఉంటుంది. చాలా ఇంజెక్షన్ కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే పెట్రోలు ఆగిపోతుంది, ఇంజన్ ఊరికే తిరుగుతుంది. మీ కారులో అది కుదరకపోతే పెట్రోలు పంపు ఫ్యూజు తీసి కొట్టండి. ఐదేసి సెకన్లు, మధ్యలో విరామం ఇస్తూ మూడు సార్లు. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరిపోతే అప్పుడు మామూలుగా స్టార్ట్ చేయండి. మొదట్లో కాస్త టకటక శబ్దం రావచ్చు, కొద్ది సెకన్లలో పోవాలి. పోకపోతే ఆపేయండి.

స్టార్ట్ అయ్యాక నిలబెట్టి రేజ్ చేయడం వద్దు, టర్బో కారులో అసలే వద్దు. అర నిమిషం ఆగి, మెల్లగా కదలండి. మొదటి కిలోమీటరు ఖాళీ రోడ్డు మీద, బ్రేకులు పట్టుకుంటున్నాయో లేదో చూసుకుంటూ. డిస్కు మీది పల్చటి ఎర్ర తుప్పు గరగరమని నాలుగైదు బ్రేకులకు పోతుంది. కారు ఒక వైపుకు లాగినా, ఒక చక్రం మిగతా వాటికన్నా వేడెక్కినా కాలిపర్ పట్టేసిందని అర్థం, వెనక్కి తెచ్చేయండి. ఆయిల్ వేడి 80 డిగ్రీలు దాటేదాకా ఇంజన్‌ను గట్టిగా తిప్పకండి. ఆ మొదటి రౌండు నుంచి రాగానే, ఆయిల్ వేడిగా ఉండగానే దించి మార్చేయండి. తిప్పకపోయినా ఏడాది గడువు దాటింది కదా.

మీ పద్నాలుగు నెలలు మూడు నాలుగేళ్లయ్యే అవకాశం ఉంటే చెప్పండి, లెక్క మారుతుంది. అప్పుడు పెట్రోలు దించేయాలి, స్పార్క్ ప్లగ్గులు విప్పి సిలిండర్లలోకి ఫాగింగ్ ఆయిల్ (లోపలి గోడలకు పొరలా అంటుకుని తుప్పు పట్టనివ్వని ఆయిల్) కొట్టాలి. టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వులు సరైన సమయంలో తెరుచుకునేలా తిప్పే రబ్బరు బెల్టు) ఉన్న ఇంజన్ అయితే కిలోమీటర్లు తిరగకపోయినా బెల్టుకు వయసు మీద పడుతూనే ఉంటుంది. ఫెరారీ ఎఫ్355 లాంటి కారులో ఆ బెల్టు మార్చాలంటే ఇంజన్‌నే కిందికి దించాలి. చైను ఉన్న ఇంజన్ అయితే ఈ బెంగ లేదు.

ప్రస్తుతానికి బానెట్ తెరిచి బ్యాటరీ మీద ఏజీఎం అని రాసుందో, లిథియం అని రాసుందో చూసి చెప్పండి. మెయింటెయినర్ కొన్నాక దాన్ని ఏ మోడ్‌లో పెట్టాలో చెబుతాను.